చిన్న ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక మిషన్) బడిలో ఏడాది ముగింపు: కృతజ్ఞతా పూజ నుంచి ఆఖరి గంట దాకా ఏ పని ఎప్పుడు, ఎలా

ఫిబ్రవరి వచ్చిందంటే కొత్తగా హెచ్.ఎం. బాధ్యత తీసుకున్న సిస్టర్లు, టీచర్లు ఒకటే అడుగుతారు. యాన్యువల్ డే ఎప్పుడు పెట్టుకోవాలి? పిల్లల కోసం గుడిలో పూజ (మాస్) ఎలా జరిపించాలి? ముగ్గురు టీచర్లతో ఇదంతా అయ్యే పనేనా? అయ్యే పనే. వరస తప్పకపోతే టెన్షన్ కూడా ఉండదు.

అరవై నుంచి వంద మంది పిల్లలు, ముగ్గురు నలుగురు టీచర్లు, పక్కనే గుడి (చర్చి) ఉన్న పల్లెటూరి బడిని మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పెద్ద కాన్వెంట్ల లెక్క వేరు. ఇలాంటి బడిలో ప్రతి పిల్లవాడి పేరూ అందరికీ తెలుసు. కాబట్టి ఏ పని మొదలుపెట్టినా ఒకటే చూసుకోండి: ఆఖరి రోజు లోపల ప్రతి బిడ్డ పేరు ఒక్కసారైనా తప్పు లేకుండా రాశామా, ఒక్కసారైనా అందరి ముందు పిలిచామా?

## 1. తేదీ ఖాయం చేసే ముందు మూడు క్యాలెండర్లు చూడండి

గుడి క్యాలెండర్. ఎక్కువ బడులు పొరపాటు పడేది ఇక్కడే. విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఉండే తపస్సుకాలంలో ఆటపాటలు పెట్టుకోం, పీఠానికి పూల అలంకరణ ఉండదు, అల్లెలూయ పాడం. ఈస్టర్ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 మధ్యలో ఎప్పుడైనా రావచ్చు కాబట్టి పోయిన ఏడాది తేదీ ఈ ఏడాదికి పనికిరాదు.

- 2026: విభూది బుధవారం ఫిబ్రవరి 18, ఈస్టర్ ఏప్రిల్ 5
- 2027: విభూది బుధవారం ఫిబ్రవరి 10, ఈస్టర్ మార్చి 28
- 2028: విభూది బుధవారం మార్చి 1, ఈస్టర్ ఏప్రిల్ 16

బడి క్యాలెండర్. మామూలుగా ఏప్రిల్ 23 ప్రాంతంలో ఆఖరి పనిదినం వస్తుంది. దానికి ముందు పరీక్షలు, పేపర్లు దిద్దడం ఉంటాయి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు కాబట్టి రిహార్సల్‌కి మధ్యాహ్నాలు దొరకవు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నిర్ణయం సులువు. ఈస్టర్‌కీ ఆఖరి పనిదినానికీ మధ్య మూడు వారాలకు మించి ఉంటే వార్షికోత్సవం ఈస్టర్ తర్వాతే పెట్టుకోండి. 2027 అలాంటి ఏడాది. 2028లో మధ్యలో వారమే దొరుకుతుంది, అదీ పరీక్షల హడావిడిలో. అలాంటప్పుడు వార్షికోత్సవం విభూది బుధవారానికి ముందే ముగించి, కృతజ్ఞతా పూజ, వీడ్కోలు మాత్రం ఏప్రిల్‌కి ఉంచుకోండి. రెండూ ఒకే రోజు జరగాలన్న నియమమేం లేదు. 2026లా పద్దెనిమిది రోజులు ఉంటే చేయవచ్చు కానీ రిహార్సల్స్ తపస్సుకాలంలోనే పడతాయి. ముందు ఫాదర్ గారితో మాట్లాడి, మైకు పెట్టకుండా తరగతి గదిలో చేయించుకోండి.

ఊరి క్యాలెండర్. గుంటూరు, పల్నాడు వైపు ఫిబ్రవరి నుంచి మిరప కోతలు, కల్లాలు. తెల్లారకముందే కూలికి వెళ్లిన అమ్మ తిరిగొచ్చి స్నానం చేసి, నలుగురికి అన్నం వండేసరికి ఏడవుతుంది. నాలుగు గంటలకు కార్యక్రమం పెట్టి "తల్లిదండ్రులు రాలేదు" అనుకోవడం న్యాయం కాదు. సంత రోజు వదిలేయండి. భోజనంలో మాంసం ఉంటే శుక్రవారం కూడా వద్దు.

## 2. కాగితాల పని ముందు, పండగ తర్వాత

ఉత్సవం అయ్యాక రాసుకుందాంలే అని రికార్డు షీట్లు పక్కన పెడితే ఆఖరి రోజు ఆఫీసు ముందు తల్లులు ఎండలో నిలబడాల్సి వస్తుంది. మార్చిలోనే మొదలుపెట్టండి.

అన్నిటికన్నా ముఖ్యం పేరు. మన ఊళ్లలో ఒక్కో బిడ్డకు మూడు పేర్లుంటాయి. జ్ఞానస్నానం (బాప్తిస్మం) రిజిస్టర్‌లో జోజప్ప, ఇంట్లో చిన్నోడు, ఆధార్‌లో ఇంకేదో. రాయప్ప, ఇన్నాసి, సౌరి లాంటి పేర్లను ఇంగ్లీషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. ఐదో తరగతిలో ఒక అక్షరం తేడా వస్తే అది పదో తరగతి సర్టిఫికెట్ దాకా వెంటాడుతుంది, దాన్ని దిద్దించుకోవడానికి ఆ తండ్రి కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఇలా చేయండి:

- [ ] అడ్మిషన్ రిజిస్టర్, ఆధార్, యూడైస్ ప్లస్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ బడి రికార్డు) ఉన్న వివరాలు: మూడూ పక్కపక్కన పెట్టి ఒక్కో పేరు వేలు పెట్టి చూడండి. ఒకరు చదవాలి, ఇంకొకరు చూడాలి.
- [ ] పుట్టిన తేదీ, తండ్రి పేరు, తల్లి పేరు, ఇంటి పేరు కూడా అలాగే.
- [ ] తేడా కనిపిస్తే మీకు మీరే దిద్దేయకండి. తల్లినో తండ్రినో పిలిపించి, కాగితం చూపించి, దిద్దే పద్ధతి ఏదో ఆ పద్ధతిలోనే దిద్దండి.
- [ ] ప్రతి బిడ్డ పెన్ (PEN) నంబరు, అంటే యూడైస్ ప్లస్‌లో ఉండే శాశ్వత విద్యా సంఖ్య, ప్రోగ్రెస్ కార్డు మీద రాసివ్వండి. కొత్త బడిలో మొదట అడిగేది అదే.
- [ ] వలస కూలీల పిల్లలు ఉంటే వాళ్ల జాబితా విడిగా రాసుకోండి. కోతలు అయిపోగానే కుటుంబం రాత్రికి రాత్రే ఆటో ఎక్కేస్తుంది. వాళ్ల కాగితాలు మార్చి నెలాఖరుకే సిద్ధంగా ఉండాలి.

ప్రోగ్రెస్ కార్డులో "పర్వాలేదు", "బాగా చదవాలి" అని అందరికీ ఒకేలా రాయకండి. ఎనభై మందికి ఎనభై వాక్యాలు రాయడం పెద్ద పనేం కాదు, రోజుకు పదేసి రాస్తే ఎనిమిది రోజులు. "తెలుగు గట్టిగా, తడబడకుండా చదువుతోంది. తీసివేతల్లో అప్పు తీసుకునే లెక్కలు ఇంకా చేయించాలి." ఇలా ఉంటే ఆ తల్లికి వేసవిలో ఏం చేయించాలో తెలుస్తుంది.

## 3. కృతజ్ఞతా పూజ

ముందు అనుమతి. మన బడుల్లో హిందూ, ముస్లిం పిల్లలు, వేరే సంఘాల క్రైస్తవుల పిల్లలు చాలామంది ఉంటారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఏ బిడ్డనూ తల్లిదండ్రుల అంగీకారం లేకుండా ఆరాధనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. చట్టం అటుంచి, పిల్లల్ని నమ్మి మన చేతిలో పెట్టిన కుటుంబాలకు మనం ఇవ్వాల్సిన మర్యాద అది. వారం ముందు ఇలా చీటీ పంపండి:

"అమ్మా, నాన్నగారూ, వచ్చే గురువారం ఉదయం 8 గంటలకు బడి పిల్లల కోసం గుడిలో కృతజ్ఞతా పూజ ఉంది. మీ బిడ్డను పంపడం మీ ఇష్టం. పంపకపోతే ఆ సమయంలో బడిలోనే టీచరు దగ్గర బొమ్మలు వేస్తూ ఉంటారు. మీ నిర్ణయం ఈ చీటీ మీద రాసి, సంతకం పెట్టి పంపండి."

చదవలేని వాళ్లకు గేటు దగ్గర మీరే నోటితో చెప్పండి. బడిలో ఉండిపోయే పిల్లల దగ్గర ఖాళీగా ఉన్న ఆయాను కాదు, మంచి టీచర్ను ఉంచండి. వాళ్లను పక్కన పెట్టారన్న భావం రాకూడదు.

ఫాదర్ గారితో కూర్చుని తేల్చుకోవాల్సినవి. పిల్లల పూజల గురించి 1973లో రోము నుంచి ఒక మార్గదర్శిని వచ్చింది. పిల్లలకు కష్టమనిపిస్తే పఠనాలు తగ్గించుకోవచ్చని, సువిశేషం (సువార్త పఠనం) మాత్రం మానకూడదని అందులో ఉంది. పిల్లలతో మాట్లాడడం పూజ చేసే గురువుకు (ఫాదర్‌కు) ఇబ్బందిగా ఉంటే, విచారణ (పారిష్) గురువుల అంగీకారంతో పెద్దవాళ్లలో ఒకరు సువిశేషం తర్వాత మాట్లాడవచ్చని కూడా ఉంది. పిల్లల కోసం ప్రత్యేకమైన కృతజ్ఞతా ప్రార్థనలూ ఉన్నాయి. ఇవన్నీ రెండు వారాల ముందే అడగండి. ఆ రోజు పొద్దున సక్రిస్తీలో (ఫాదర్ గారు పూజకు సిద్ధమయ్యే గదిలో) అడిగితే "ఎప్పటిలాగే కానిద్దాం" అనే మాటే వస్తుంది.

చదివే పిల్లలకు తయారీ. బాగా చదివే ఒక్క అమ్మాయికే అన్నీ ఇవ్వకండి. పఠనం ఒకరికి, కీర్తన ఇద్దరికి, విశ్వాసుల ప్రార్థనలు ఐదుగురికి. పాఠం పెద్ద అక్షరాల్లో రాసి, ఆగాల్సిన చోట గీత పెట్టండి. గుడిలోనే, మైకు పెట్టి, కనీసం రెండుసార్లు చదివించండి. మూడో తరగతి బిడ్డకు ఆ మైకు నుదుటి దగ్గరకు వస్తుంది. చిన్న పీట వేయండి, అది కదలకుండా కింద గోనెసంచి మడిచి పెట్టండి.

ప్రార్థనలు పిల్లల చేతే రాయించండి. వంట చేసే అమ్మల కోసం ఒకటి, ఆ ఏడాది బడి కుటుంబాల్లో చనిపోయినవారి కోసం ఒకటి తప్పక ఉండాలి. మా పిల్లాడొకడు "మా తాత దగ్గు తగ్గాలని" అని రాశాడు. అలాగే ఉంచాం.

కానుకల సమర్పణ. అప్పం, ద్రాక్షరసంతో పాటు రెండు మూడు వస్తువులు చాలు: ఒక పలక, దోసెడు వడ్లు, పిల్లలందరి పేర్లు రాసిన హాజరు పట్టీ. పది వస్తువులు పెట్టి ఒక్కోదానికి వ్యాఖ్యానం చదివితే చిన్నపిల్లలు అలిసిపోతారు.

తినడం గురించి. సత్ప్రసాదానికి (కమ్యూనియన్‌కు) ముందు గంట ఉపవాసం అంటారు కదా, ఆ గంట సత్ప్రసాదం తీసుకునే వేళకు లెక్క, పూజ మొదలయ్యే వేళకు కాదు. 8 గంటల పూజకు ఏడింటికి ఇడ్లీ తిని వచ్చినా ఏ ఇబ్బందీ లేదు. ఏప్రిల్ ఎండలో ఖాళీ కడుపుతో వచ్చి కళ్లు తిరిగి పడిన పిల్లల్ని చాలాసార్లు చూశాను. తినిపించి పంపమని చీటీలోనే రాయండి.

- [ ] చెప్పులు తరగతి వారీగా వరసలో విప్పించండి. లేకపోతే పూజ అయ్యాక అరగంట చెప్పుల వెతుకులాటే.
- [ ] ఒకటో తరగతి ముందు వరసలో, ఫ్యాన్ కింద.
- [ ] సత్ప్రసాదం తీసుకోని పిల్లలు చేతులు కట్టుకుని వస్తే ఆశీర్వదించమని ఫాదర్ గారికి ముందే చెప్పండి. రావడం మాత్రం వాళ్ల ఇష్టం.
- [ ] మొత్తం యాభై నిమిషాలు దాటకూడదు.

## 4. వార్షికోత్సవం: రెండు గంటల్లో ముగించండి

ఎనభై మంది పిల్లలుంటే ఎనభై మందీ స్టేజీ ఎక్కాలి. ఇందులో రాజీ పడకండి. తరగతికో గ్రూపు పాటో డ్యాన్సో, నాలుగు నిమిషాలది, ఆ తరగతి పిల్లలందరితో. ఒక నాటిక, రెండు పాటలు, ఐదు నిమిషాల హెచ్.ఎం. నివేదిక. ఇంతే. డ్యాన్సు రాని పిల్లవాడు వెనక జెండా పట్టుకుని నిలబడినా సరే, వాళ్ల నాయనమ్మ చూసేది వాడినే.

వరసలో ఒకటో తరగతిని ముందు పెట్టండి. రాత్రి ఎనిమిదికి వాళ్లు అలంకరణతోనే కుర్చీల్లో నిద్రపోతారు.

ముఖ్య అతిథి కోసం ఆగకండి. చెప్పిన టైముకి ప్రార్థనా గీతంతో మొదలుపెట్టేయండి, వారు వచ్చినప్పుడు వేదిక మీదకు పిలవండి. ప్రసంగాలు ఇద్దరివే, ఐదేసి నిమిషాలు. ఈ మాట ఆహ్వానించేటప్పుడే వినయంగా చెప్పాలి, స్టేజీ మీద చీటీ పంపడం బాగోదు.

స్టేజీకి బడి వరండా అన్నిటికన్నా మంచిది. బెంచీలు కలిపి స్టేజీ కట్టకండి. పిల్లలు గెంతితే సందు పడుతుంది, కాలు అందులో ఇరుక్కుంటుంది. ట్రాక్టర్ ట్రక్కు వాడక తప్పకపోతే చక్రాలకు ముందూ వెనకా రాళ్లు, వెనక మెట్లు, చుట్టూ తాడు ఉండాలి.

దుస్తులు అద్దెకు తెమ్మని తల్లిదండ్రులను అడగొద్దు. కూలి చేసుకునే ఇంట్లో అది రెండు రోజుల సంపాదన కావచ్చు, అడిగితే కాదనలేరు. ఇంట్లో ఉన్న పావడా, తెల్ల చొక్కా, అమ్మ పాత చీరతో ఏం చేయవచ్చో అంతే చేయండి.

- [ ] పాటలు వరస నంబర్లతో పెన్‌డ్రైవ్‌లో, అవే ఒక ఫోన్‌లో కూడా.
- [ ] మైకు అనుమతి ముందుగా. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు.
- [ ] కరెంటు పోతే ఏం చేయాలో ముందే అనుకోండి: ఇన్వర్టరో జనరేటరో, రెండు చార్జింగ్ లైట్లు.
- [ ] పిన్నీసులు, సూది దారం, దువ్వెన, తడి గుడ్డ ఒక సంచిలో, ఒకే టీచరు దగ్గర.
- [ ] స్టేజీ వెనక తాగేనీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు.
- [ ] కార్యక్రమం అయ్యాక ఏ బిడ్డ ఎవరితో ఇంటికి వెళ్లిందో రాసుకునే మనిషి ఒకరు గేటు దగ్గర.

## 5. బహుమతులు: ఎవరి పేరూ తప్పిపోకుండా

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో బహుమతుల జాబితా నేనే రాశాను. నవంబరులో టైపు చేసిన పట్టీ చూసి రాశాను. జనవరిలో చేరిన రెండో తరగతి పాప పేరు అందులో లేదు. ఆ పాప తన తరగతి వరసలోనే పైకి వచ్చింది, రెండు చేతులూ చాచి నిలబడింది. బల్ల మీద ఇక ఏమీ లేదు. ఎవరో లోపలికి పరుగెత్తి ఒక స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చారు. కిందికి దిగాక ఆ పాప డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసుకుంది, మూత తీసి లోపల కూడా చూసింది. మిగతా అందరి డబ్బాల మీదా పేరు చీటీ ఉంది మరి.

అప్పటి నుంచి నేను పాటించే పద్ధతి ఇది:

1. జాబితా ఆ వారం హాజరు పట్టీ నుంచి రాయండి. కార్యక్రమం రోజు పొద్దున మళ్లీ సరిచూడండి.
2. అందరికీ ఒకే వస్తువు: టిఫిన్ డబ్బా, పళ్లెం, ఏదైనా వాడుకునేది. చదువు, ఆటల బహుమతులు విడిగా, కొద్దిగానే ఉండాలి.
3. ప్రతి దాని మీద పేరు, తరగతి, వరస నంబరు ఉన్న చీటీ అంటించండి.
4. బల్ల మీద ఏ వరసలో పేర్చారో పిల్లల్నీ అదే వరసలో కూర్చోబెట్టండి.
5. ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు పేరు చదవాలి, ఒకరు వస్తువు అందించాలి, ఒకరు పిల్లల్ని పంపాలి. చదివే మనిషి ఊరి మనిషైతే మేలు, పేర్లు సరిగ్గా పలుకుతారు.
6. పేరు లేని డబ్బాలు ఐదు, ఖాళీ చీటీలు, జిగురు, పెన్ను బల్ల కింద ఉంచుకోండి.
7. ఆ రోజు రాని పిల్లల పేర్లు కూడా చదవండి. వాళ్ల డబ్బా మర్నాడు ఇంటికి తీసుకెళ్లి ఇవ్వండి.

ఒక్కొక్కరికి పదిహేను సెకన్లు పట్టినా ఎనభై మందికి ఇరవై నిమిషాలు. "టైము లేదు, తరగతికి ఇద్దరిని పిలుద్దాం" అంటే ఒప్పుకోకండి. ప్రసంగం ఒకటి తగ్గించండి.

## 6. భోజనం, మజ్జిగ

మధ్యాహ్న భోజన పథకంలో ప్రాథమిక తరగతుల బిడ్డకు 100 గ్రాముల బియ్యం లెక్క. అదే కొలత పెట్టుకోండి. ఎనభై మంది పిల్లలకు 8 కిలోలు, పెద్దవాళ్లకు మనిషికి 150 గ్రాములు. పులిహోర, పెరుగన్నం, ఒక స్వీటు ఉంటే అందరూ కలిసి కూర్చుని తింటారు, ఎవరికీ ఏ పట్టింపూ అడ్డురాదు.

మజ్జిగకు లీటరు పెరుగు నాలుగైదు లీటర్లవుతుంది. రెండు వందల మందికి గ్లాసు చొప్పున నలభై లీటర్లు, అంటే ఎనిమిది నుంచి పది లీటర్ల పెరుగు. ఎండాకాలం పెరుగన్నం పొద్దున కలిపి సాయంత్రం పెట్టకండి, పులుస్తుంది. వడ్డించే గంట ముందు కలపండి.

వంట చేసే అమ్మలను ఆ రోజు పంక్తిలో మొదట కూర్చోబెట్టి టీచర్లు వడ్డించండి. ఏడాది పొడుగునా వాళ్లు పెట్టారు.

చందాలు తీసుకుంటే లెక్క రెండు రోజుల్లో గోడకు అంటించాలి. ఎంత వచ్చింది, దేనికి ఎంత అయింది, ఎంత మిగిలింది. యాభై రూపాయలిచ్చిన మనిషి పేరు కూడా అందులో ఉండాలి.

## 7. ఆఖరి రోజు, ఐదో తరగతి వీడ్కోలు

ఐదో తరగతి పిల్లలు వేరే ఊరి హైస్కూలుకు వెళ్తారు. వాళ్లకు కావాల్సింది పెద్ద సభ కాదు. రెండు వారాల ముందు ఆ హైస్కూలుకు ఒక పూట తీసుకెళ్లి బాత్రూములు ఎక్కడ, నీళ్లు ఎక్కడ, బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించండి. జూన్‌లో వాళ్ల భయం సగం తగ్గుతుంది.

ఆఖరి రోజు పొద్దున పనులు:

- [ ] గదులు ఊడ్చి, బల్లలు ఒక పక్కకు పేర్చి, చాపలు ఎండలో వేసి లోపల పెట్టడం.
- [ ] లైబ్రరీ పుస్తకాలు వెనక్కి. వేసవిలో చదువుకుంటామన్న పిల్లలకు పేరు రాసుకుని రెండేసి ఇవ్వండి, బీరువాలో ఎలుకలకు వదిలేసే కన్నా అది నయం.
- [ ] నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టడం.
- [ ] మొక్కలకు వేసవి నీళ్ల బాధ్యత: దగ్గర ఇళ్ల పిల్లల పేర్లు వారం వారీగా రాసి గేటుకు కట్టడం.
- [ ] ప్రోగ్రెస్ కార్డులు తల్లిదండ్రుల చేతికే, కూర్చోబెట్టి, ఒక్కొక్కరితో రెండు నిమిషాలు మాట్లాడి ఇవ్వడం.

తర్వాత అందరినీ వరండా ముందు నిలబెట్టండి. ఐదో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినీ పూర్తి పేరుతో పిలవండి. వాళ్లు చేసిన పనిని నాలుగో తరగతిలో ఒకరికి అప్పగించాలి: మొక్కల నీళ్ల మగ్గు, బోర్డు తుడిచే గుడ్డ, ప్రార్థన పుస్తకం. తీసుకునే బిడ్డ పేరు కూడా పిలవండి. చాలా బడుల్లో గంట అంటే చెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్కే. దాన్ని కొట్టే ఇనుప కడ్డీ చివరన అప్పగించండి. ఏడాదంతా గంట కొట్టిన పిల్లవాడు కడ్డీ ఇచ్చి పక్కకు జరగాలి, ఆఖరి గంట కొత్తగా తీసుకున్న బిడ్డ కొట్టాలి. మొదటిసారి కొట్టే చేతికి దెబ్బ సరిగ్గా పడదు, శబ్దం చిన్నగా వస్తుంది. మళ్లీ కొట్టమనండి.